యుద్ధం తర్వాత జర్మనీ, జపాన్‌లలో అమెరికన్ సైనికుల కుటుంబాలు నిజంగా రాజాల్లా బతికాయా?

డాలస్ నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ పక్కింటి పెద్దావిడ తండ్రి అమెరికన్ ఆర్మీలో ఆఫీసరు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, 1947లో, ఆవిడ చిన్నపిల్లగా ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఒక పెద్ద ఇంట్లో ఉండేదట. వంటమనిషి, ఆయా, బొగ్గు బాయిలరు చూసుకునే మనిషి, అందరూ ఉండేవారట. ఓడిపోయిన దేశంలో, తమవాళ్ళు బాంబులేసిన ఊళ్ళో ఆ కుటుంబాలు నిజంగానే అంత దర్జాగా బతికాయా, భయం వేసేది కాదా, చుట్టూ ఉన్న జర్మన్లు వాళ్ళని ఎలా చూసేవారు, జపాన్‌లో కూడా ఇంతేనా అని అడిగారు.

నేను జర్మనీలో అమెరికన్ సైనికుల పిల్లల స్కూల్లో చాలా ఏళ్ళు హిస్టరీ చెప్పాను, హైడెల్‌బర్గ్‌లో బేస్ మూసేసేదాకా. ఇంట్లో పెద్దవాళ్ళని, ఊళ్ళో జర్మన్ ముసలివాళ్ళని కలిసి వాళ్ళ జ్ఞాపకాలు రాసుకు రమ్మని పిల్లలకి చెప్పేదాన్ని. ఆ కాగితాల కోసం, తర్వాత నా సొంత ఆసక్తి కొద్దీ, రెండు వైపులవాళ్ళతోనూ చాలాసార్లు కూర్చుని మాట్లాడాను. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు: తిండి, ఇల్లు, పనివాళ్ళు, ఈ మూడింటి వరకు అవును, మొదటి కొన్నేళ్ళు చాలా బాగా బతికారు. కానీ ఆ ఇల్లు ఇంకొకరిది, ఆ ఇంకొకరు చాలాసార్లు రెండు వీధుల అవతలే ఎవరి నేలమాళిగలోనో తలదాచుకుంటున్నారు. ఆ భార్యాపిల్లలు అక్కడికి చుట్టపుచూపుగా రాలేదు. సైన్యం వాళ్ళని తన అవసరం కోసం రప్పించింది. సైనికుడికి చేతిలో ఆర్డరు కాగితం ఉండేది, భార్యకి అది లేదు, జీతం లేదు, కానీ ఆమె చేసింది కూడా డ్యూటీయే. నేను విన్నవాటిలో ఎక్కువ భాగం ఈ మాటకే వచ్చి ఆగుతాయి.

ఎందుకు రప్పించారు అనేది ముందు చూడండి. యూరప్‌లో యుద్ధం 1945 మేలో అయిపోయింది, జపాన్ సెప్టెంబరు 2న లొంగిపోతూ సంతకం పెట్టింది. ఆ వెంటనే ప్రతి సైనికుడి నోటా ఒకటే మాట, ఇంటికి ఎప్పుడు పంపుతారు అని. 1946 జనవరిలో మనీలాలో, ఫ్రాంక్‌ఫర్ట్‌లో, ఇంకా చాలా చోట్ల అమెరికన్ సైనికులు వేలల్లో రోడ్డెక్కి ఊరేగింపులు తీశారు. గెలిచిన సైన్యం అది, పైగా యూనిఫాంలో ఉన్నవాళ్ళు! అనుభవం ఉన్న ఆఫీసర్లు, సార్జెంట్లు ఇంకో రెండేళ్ళు పెళ్ళాం బిడ్డలకి దూరంగా ఉండమంటే ఉద్యోగం మానేసేలా ఉన్నారు. ఉన్న కుర్రాళ్ళేమో బ్లాక్ మార్కెట్‌లో, తాగుడులో, సుఖవ్యాధుల్లో పడుతున్నారు. ఆక్రమణ ఎన్నేళ్ళు సాగుతుందో ఎవరికీ తెలియదు. కుటుంబాలు వస్తే మగవాళ్ళు కుదురుగా ఉంటారు, అనుభవజ్ఞులు నిలబడతారు, జర్మన్లు కూడా తుపాకీ పట్టిన అమెరికన్‌నే కాకుండా పిల్లల్ని బడికి పంపే అమెరికన్‌ని కూడా చూస్తారు అనేది పైవాళ్ళ లెక్క. అంటే ఒక ఇల్లాలు వచ్చి కాపురం పెట్టడం అనేదాన్ని ఒక పథకంలో భాగం చేశారు. 1946 ఏప్రిల్ 28న థామస్ హెచ్. బ్యారీ అనే ఓడ మొదటి కుటుంబాలతో బ్రేమర్‌హాఫెన్ రేవుకి చేరింది. అదే ఏడాది వేసవిలో జపాన్‌లోని యోకొహామాకి, ఆగస్టు నుంచి జర్మనీలో బ్రిటిష్ వాళ్ళు పాలిస్తున్న ప్రాంతానికి కూడా కుటుంబాలు రావడం మొదలైంది.

ఆ ఓడలు దిగినవాళ్ళకి ఎదురైన దృశ్యం గురించి నాకు చెప్పినవాళ్ళందరూ దాదాపు ఒకేలా చెప్పారు. రేవు నుంచి రైల్లో వెళ్తుంటే కిటికీలోంచి గంటల తరబడి శిథిలాలు. రైలు ఆగిన చోటల్లా పిల్లలు చేతులు చాపి నిలబడేవాళ్ళు. అప్పటిదాకా యుద్ధాన్ని సినిమాహాళ్ళలో న్యూస్‌రీళ్ళలో చూసినవాళ్ళు, తండ్రి ఉత్తరాల్లో చదివినవాళ్ళు. ఒకావిడ అప్పటికి ఎనిమిదేళ్ళ పిల్ల. ఆ ప్రయాణంలో వాళ్ళమ్మ ఒక్క మాట కూడా మాట్లాడలేదని, రాత్రి పడుకునే ముందు మాత్రం "ఇక్కడ మనం భోజనం చేసేటప్పుడు కర్టెన్లు వేసుకుందాం" అందని చెప్పింది.

ఇల్లు సంగతి. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ పక్కింటావిడ చెప్పిన "పెద్ద ఇల్లు" కథంతా ఇందులోనే ఉంది. అమెరికన్ ఆర్మీ అప్పటికి జర్మనీలో కొత్త ఇళ్ళు కట్టలేదు, కట్టే సామాను కూడా లేదు. బాంబులు పడని మంచి పేటలు చూసి ఇళ్ళు స్వాధీనం చేసుకుంది. నోటీసు వచ్చాక ఖాళీ చేయడానికి కొన్నిచోట్ల కొన్ని గంటలే ఇచ్చారు. బట్టలు, పరుపులు, కొద్ది సామాను తీసుకుపోవచ్చు, మంచాలు, బీరువాలు, పియానో, గిన్నెలు, పింగాణీ మాత్రం వదిలేయాలి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఐ.జి. ఫార్బెన్ కంపెనీ భవనం అమెరికన్ హెడ్‌క్వార్టర్స్ అయింది, దాని చుట్టూ ఉన్న వీధులకి ముళ్ళకంచె వేసి లోపల అమెరికన్ కుటుంబాలని పెట్టారు. అసలే సగం ఊళ్ళు కూలిపోయి ఉన్నాయి, తూర్పు నుంచి తరిమేయగా వచ్చిన జర్మన్లు లక్షల్లో ఉన్నారు, అలాంటప్పుడు ఒక్కో అమెరికన్ కుటుంబానికి ఏడెనిమిది గదుల ఇల్లు. కోపం రాకుండా ఎలా ఉంటుంది? బ్రిటిష్ వాళ్ళ వైపు ఇంకా ఎక్కువ గొడవైంది. హాంబర్గ్‌లో గ్రిండెల్ అనే చోట పన్నెండు ఎత్తైన భవనాలు మొదలుపెట్టింది బ్రిటిష్ హెడ్‌క్వార్టర్స్ కోసమే. తర్వాత వాళ్ళు ఆ ఆలోచన మానుకున్నారు, భవనాలు ఊరి జనానికి ఇళ్ళయ్యాయి.

హైడెల్‌బర్గ్‌లో నాకు పరిచయమైన ఒక జర్మన్ పెద్దావిడ ఇల్లు అలా పోయింది. వాళ్ళమ్మ, ఇద్దరు పిల్లలు బంధువుల ఇంట్లో ఒక గదిలో సర్దుకున్నారు. తోటలో ఉన్న యాపిల్ చెట్లు మాత్రం మనవే కదా అని వాళ్ళమ్మ వెళ్ళి అడిగితే, ఆ ఇంట్లో ఉన్న అమెరికన్ ఇల్లాలు మొదట కాపలావాణ్ణి పిలిచి, తర్వాత సంగతి తెలిసి, ప్రతి శనివారం వచ్చి కోసుకోమని చెప్పిందట. ఆ పెద్దావిడకి కృతజ్ఞతా ఉంది, మంటా ఉంది, "మా చెట్టు పళ్ళు మాకే దానం చేసింది" అని. నేను ఈ రెండింటిలో ఏది నిజమని ఆవిడని అడగలేదు. రెండూ నిజమే.

మా చిన్నప్పటి ఊరు సికింద్రాబాద్, తిరుమలగిరి వైపు. కంటోన్మెంట్ తెల్లబంగళాలు, బట్లర్లు, ఆయాల గురించి మా తాతయ్య తరంవాళ్ళు చెప్పేవారు. జర్మనీలో ఆ కంచె లోపలి జీవితం విన్నప్పుడు నాకు వెంటనే అదే గుర్తొచ్చింది, సొంత బజారు, సొంత క్లబ్బు, సొంత బడి, సొంత ఆసుపత్రి, బయట ఊరు వేరు. ఒక్క తేడా ఉంది, జర్మనీలో లోపలికి పనికి వచ్చేది చాలాసార్లు ఆ ఇంటివాళ్ళంత చదువుకున్న, మొన్నటిదాకా అంతే హోదాలో బతికిన మనుషులు.

పనివాళ్ళు ఎందుకంత సులువుగా దొరికారు? ఆకలి వల్ల, ఇంకేం లేదు. 1946 వసంతంలో అమెరికన్ ప్రాంతంలో మామూలు జర్మన్ రేషను రోజుకి 1,275 క్యాలరీలకి పడిపోయింది. ఆ వెంటనే వచ్చిన 1946-47 శీతాకాలం ఘోరమైనది, బొగ్గు లేదు, బెర్లిన్‌లో టియర్‌గార్టెన్ పార్కు చెట్లు నరికి పొయ్యిల్లో పెట్టుకున్నారు. అమెరికన్ ఇంట్లో పని దొరికితే ఒక పూట కడుపునిండా తిండి, వెచ్చటి వంటగది. జీతం జర్మన్ కరెన్సీ మార్కుల్లో ఇచ్చేవారు, ఆ మార్కులకి విలువే లేదు. సబ్బు ముక్క, కొవ్వు, ఒకసారి కాచిన కాఫీ పిప్పి ఇంటికి పట్టుకెళ్ళనిస్తే అదే అసలు జీతం. కాఫీ పిప్పి మాట నాకు ఎంతమంది చెప్పారో! పారేయబోతుంటే చేయి పట్టుకుని ఆపిన వంటమనిషి గురించి ముగ్గురు నలుగురు వేర్వేరు ఊళ్ళవాళ్ళు చెప్పారు.

కాబట్టి జర్మన్లు ఎలా చూసేవారు అన్న ప్రశ్నకి నా జవాబు ఇది. వీధిలో మర్యాదగా, దూరంగా, కొంచెం కోపంగా. అసలు పరిచయం జరిగింది మాత్రం వంటింట్లో. ఆఫీసుల్లో ఆర్డర్లు, ప్రశ్నాపత్రాలు, నాజీవా కాదా అనే విచారణలు నడిచాయి. వంటింట్లో ఇద్దరు ఆడవాళ్ళు, ఒకరి భర్త గెలిచినవాడు, ఇంకొకరి భర్త రష్యాలో ఖైదీగా ఉన్నాడో చచ్చిపోయాడో తెలియనివాడు. ఒకే గదిలో రోజుకి ఎనిమిది గంటలు. 1944 సెప్టెంబరు నుంచి జర్మన్లతో మాట్లాడితేనే సైనికులకి 65 డాలర్ల జరిమానా ఉండేది, చేయి కూడా కలపకూడదు. 1945 అక్టోబరుకి ఆ నిషేధం చాలావరకు ఎత్తేశారు. అది ఎత్తేసిన ఏడు నెలలకే ఓడల్లో భార్యలు దిగారు, వాళ్ళ పిల్లల్ని జర్మన్ ఆయాలు ఎత్తుకున్నారు. చాలామంది పిల్లలకి ఇంగ్లిష్ కంటే ముందు జర్మన్ లాలిపాటలు వచ్చాయి. జర్మన్ పిల్లల కోసం సైన్యం 1946లో యువజన కార్యక్రమం ఒకటి పెట్టింది, అందులో క్రిస్మస్ పార్టీలు, బట్టల పంపిణీ, కుట్టు క్లాసులు చాలావరకు నడిపింది ఈ భార్యలే. తర్వాత ఊరూరా జర్మన్-అమెరికన్ మహిళా క్లబ్బులు వచ్చాయి.

వీళ్ళందరూ దేవతలని చెప్పడం లేదు. సిగరెట్ల వ్యాపారం గురించి మీ పక్కింటావిడ చెప్పకపోవచ్చు, కానీ అది లేని ఇల్లు తక్కువ. బ్లాక్ మార్కెట్‌లో ఒక్క సిగరెట్ ఐదారు మార్కులు పలికేది, మామూలు కార్మికుడి నెల జీతమే రెండొందల మార్కుల లోపు. బేస్ దుకాణంలో డాలరు కూడా లేని, పది ప్యాకెట్లుండే ఒక సిగరెట్ పెట్టెతో పింగాణీ సెట్టు, కెమెరా, తివాచీ, నగలు వచ్చేవి. చివరికి సైన్యమే బెర్లిన్‌లో, ఫ్రాంక్‌ఫర్ట్‌లో మార్పిడి కేంద్రాలు తెరిచింది, ఒక కౌంటర్‌లో అమెరికన్లు సిగరెట్లు, కాఫీ ఇస్తే ఇంకో కౌంటర్‌లో జర్మన్లు ఇంట్లో మిగిలినవి తెచ్చి ఇచ్చేవారు. అమెరికాలో చాలా ఇళ్ళ అద్దాల బీరువాల్లో ఉన్న జర్మన్ పింగాణీ అలా వచ్చిందే. 1948 జూన్ 20న కొత్త డాయిష్ మార్క్ వచ్చాక ఈ వ్యాపారం ఒక్కసారిగా పడిపోయింది, పనివాళ్ళకి కూడా నిజమైన జీతం ఇవ్వాల్సి వచ్చింది. ఇళ్ళలో ముగ్గురు నలుగురు పనివాళ్ళ కాలం అక్కడి నుంచే తగ్గుతూ వచ్చింది.

భయం సంగతి. జర్మన్లు దాడి చేస్తారని మొదట్లో భయపడ్డారు, అలాంటిది పెద్దగా జరగలేదు. పిల్లలకి అసలు ప్రమాదం శిథిలాల్లో పేలకుండా మిగిలిన గుండ్లు, గ్రెనేడ్లు. కొంతకాలానికి భయం వేరే వైపుకి తిరిగింది. 1948 జూన్ 24న సోవియట్లు, చుట్టూ తమ ప్రాంతమే ఉన్న పశ్చిమ బెర్లిన్‌కి రోడ్లు, రైళ్ళు మూసేశారు. అప్పటికి అక్కడ అమెరికన్ కుటుంబాలు చాలా ఉన్నాయి. అంతకుముందు ఏప్రిల్‌లో సోవియట్లు రాకపోకలకి అడ్డుపడటం మొదలుపెట్టినప్పుడే, కుటుంబాలని వెనక్కి పంపుదామా అని వాషింగ్టన్ అడిగింది. జర్మనీలో అమెరికన్ మిలిటరీ గవర్నర్‌గా ఉన్న జనరల్ లూషియస్ క్లే ఒప్పుకోలేదు. ఆడవాళ్ళు, పిల్లలు వెళ్ళిపోతే సైన్యం కూడా వెళ్ళిపోతుందని బెర్లిన్ జనం అనుకుంటారు, ఊరంతా బెదిరిపోతుంది అని ఆయన వాదన. వెళ్ళాలనుకున్నవాళ్ళు వెళ్ళొచ్చు అన్నారు, ఆయన భార్య మాత్రం అక్కడే ఉంది. 1949 మే 12 దాకా విమానాల్లో వచ్చిన పిండి, బొగ్గుతోనే ఊరు బతికింది, జర్మన్ ఇళ్ళకి రోజుకి నాలుగు గంటలే కరెంటు.

ఆలోచించండి, పాలు తాగే పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు అక్కడ కేవలం ఉండటమే ఒక సైనిక నిర్ణయం అయింది. ఎవరూ వాళ్ళని ప్రమాణం చేయించలేదు. తర్వాత దశాబ్దాల పాటు జర్మనీలో ప్రతి అమెరికన్ కుటుంబానికి ఖాళీ చేసే ప్లాను ఉండేది, కారులో పెట్రోలు, దుప్పట్లు, డబ్బాల తిండి, పాస్‌పోర్టులు ఎప్పుడూ సిద్ధంగా పెట్టుకోవాలి. అర్ధరాత్రి సైరన్ మోగితే భర్త బ్యాగు తీసుకుని వెళ్ళిపోతాడు, అది ప్రాక్టీసో నిజమో అతనికీ తెలియదు. నా దగ్గర చదివిన పిల్లల నానమ్మలు కొందరు ఇప్పటికీ కారు ట్యాంకు సగానికి తగ్గనివ్వరు.

జపాన్‌లో కథ కొంత వేరు. అక్కడ ఇళ్ళు స్వాధీనం చేసుకోవడంతో పాటు కొత్త కాలనీలే కట్టించారు, ఖర్చు జపాన్ ప్రభుత్వానిది, మొదట్లో పనిమనుషుల జీతాలు కూడా వాళ్ళ ఖాతాలోనే. టోక్యో నడిబొడ్డున యొయొగిలో జపాన్ సైన్యం కవాతు చేసిన మైదానంలో వాషింగ్టన్ హైట్స్ అని 827 ఇళ్ళ కాలనీ లేచింది, పచ్చిక, చర్చి, బడి, సినిమాహాలు అన్నీ లోపలే. కంచె అవతల కాలిన రేకులతో కట్టుకున్న గుడిసెలు. రైళ్ళలో తెల్లగీత గీసిన పెట్టెలు ఆక్రమణ సైన్యంవాళ్ళకే, సగం ఖాళీగా పోయేవి, మిగతా పెట్టెలకి జపనీస్ జనం కిటికీలు పట్టుకుని వేలాడేవారు. అక్కడి రైతులు పొలాలకి మానవ మలాన్ని ఎరువుగా వాడతారని, పచ్చి కూరలు తింటే జబ్బులొస్తాయని అమెరికన్ల భయం. దానికి సైన్యం టోక్యో దగ్గర చోఫులో మట్టి లేకుండా, కంకర తొట్లలో మందు నీళ్ళు పారించి కూరగాయలు పెంచే పెద్ద తోట పెట్టింది. ఒక పక్క ఊరి జనం చిలగడదుంపలకి క్యూలు కడుతుంటే, ఇంకో పక్క లెట్యూస్ ఆకుల కోసం అంత ఏర్పాటు. ఆ కాలనీ స్థలమే 1964 ఒలింపిక్స్‌లో క్రీడాకారుల గ్రామం అయింది, ఇప్పుడు యొయొగి పార్కు.

జపాన్ వెళ్ళిన కుటుంబాల్లో నన్ను ఎక్కువ కదిలించేది కోకురాలో ఉన్నవాళ్ళ కథ. క్యూషూ దీవిలో ఉన్న ఆ ఊరు 24వ డివిజన్ హెడ్‌క్వార్టర్స్. 1950 జూన్ 25 దాకా హాయిగా ఉన్న పోస్టింగ్. ఆ రోజు కొరియా యుద్ధం మొదలైంది. సియోల్‌లో ఉన్న అమెరికన్ ఆడవాళ్ళు, పిల్లలు దాదాపు ఏడొందల మందిని ఎరువులు తెచ్చిన రైన్‌హోల్ట్ అనే నార్వే ఓడలో ఎక్కించి ఫుకుఓకాకి పంపారు. జపాన్‌లో ఉన్న భార్యలు రేవుకి వెళ్ళి వాళ్ళకి బట్టలు, పాలు ఇచ్చారు. వారం తిరక్కుండానే ఆ ఇచ్చినవాళ్ళ భర్తలే కొరియాకి వెళ్ళిపోయారు. మొదటి దళం జూలై 1న విమానం ఎక్కి, 5వ తేదీకల్లా ఓసాన్ దగ్గర చావుదెబ్బ తింది. కోకురాలో సగం తిన్న భోజనాలు, బడికి వెళ్ళే పిల్లలు, అద్దెలేని ఇల్లు, పనిమనిషి, అన్నీ అలాగే ఉన్నాయి, భర్తలు మాత్రం లేరు. డివిజన్ కమాండర్ మేజర్ జనరల్ విలియం డీన్ కూడా కనిపించకుండా పోయాడు. బతికున్నాడో లేదో తెలియకుండానే 1951 జనవరిలో ఆయన భార్య మిల్‌డ్రెడ్ ప్రెసిడెంట్ ట్రూమన్ చేతుల మీదుగా ఆయన మెడల్ ఆఫ్ ఆనర్ అందుకుంది. ఖైదులో ఉన్న ఆయన విడుదలైంది 1953 సెప్టెంబరులో. ఒక యుద్ధం అయిపోయాక వచ్చిన కుటుంబాలు ఇంకో యుద్ధానికి వాకిట్లో నిలబడ్డాయి. "రాజాల్లా" అనే మాట వాళ్ళ ముందు అనగలమా?

మనవాళ్ళ సంగతి కూడా చెప్పాలి, చాలామందికి తెలియదు. జపాన్ ఆక్రమణలో భారత సైన్యం కూడా ఉంది. 1946-47లో 268వ ఇండియన్ బ్రిగేడ్ అక్కడ పనిచేసింది, దాని కమాండర్ తర్వాత ఆర్మీ చీఫ్ అయిన తిమ్మయ్య. సిపాయిల కుటుంబాలు మాత్రం జపాన్ వెళ్ళలేదు, ఊళ్ళోనే ఉండి మనీఆర్డర్లకి, ఉత్తరాలకి ఎదురుచూశాయి. స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే వాళ్ళు తిరిగొచ్చేశారు. ఆస్ట్రేలియన్లకి మాత్రం హిరోషిమా జిల్లాలో, కురే పక్కన హిరో అనే చోట నిజిమురా అని కుటుంబాల కాలనీ కట్టారు. కుటుంబాన్ని వెంట తెచ్చుకునే హక్కు ఏ సైన్యంలో ఎవరికి ఉందో చూస్తే ఆ సైనికుడికి ఎంత విలువ ఇచ్చారో తెలుస్తుంది.

అమెరికన్ సైన్యంలోనూ అందరి అనుభవం ఒకటి కాదు. నల్లజాతి సైనికుల కుటుంబాల గురించి తప్పకుండా అడగండి. సైన్యంలో జాతి వివక్ష పోవాలన్న ట్రూమన్ ఆర్డరు 1948 జూలై 26న వచ్చింది గానీ యూరప్‌లో నల్లవాళ్ళ విడి యూనిట్లు పూర్తిగా పోయేసరికి 1954 అయింది. విచిత్రంగా, బేస్ స్కూళ్ళలో మాత్రం నల్ల, తెల్ల పిల్లలు కలిసే చదివారు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల నుంచి వచ్చిన పిల్లలకి జీవితంలో మొదటిసారి పక్క బెంచీలో ఇంకో రంగు పిల్లాడు కనిపించింది జర్మనీలోనే. తిరిగి ఇంటికి వెళ్ళాక మళ్ళీ వేరే బడి, వేరే కుళాయి. ఆ దెబ్బ గురించి ఒక రిటైర్డ్ సార్జెంటు కూతురు నాకు చెబుతూ చాలాసేపు ఏడ్చింది.

ఇక్కడే మేబెల్ గ్రామర్ పేరు చెప్పాలి. నల్లజాతి జర్నలిస్టు, ఆర్మీ వారంట్ ఆఫీసరు భార్య, 1950ల్లో మన్‌హైమ్ ప్రాంతంలో ఉంది. నల్ల సైనికులకి, జర్మన్ అమ్మాయిలకి పుట్టి అనాథాశ్రమాల్లో మిగిలిపోయిన పిల్లల్ని చూసి ఊరుకోలేకపోయింది. తను, భర్త కలిసి పన్నెండు మందిని పెంచుకున్నారు, ఇంకో ఐదొందల మంది దాకా పిల్లలకి అమెరికాలో నల్లజాతి కుటుంబాలు దొరికేలా చేసింది. ఆమెకి ఆఫీసు లేదు, హోదా లేదు, ఉన్నది ఆర్మీ భార్య అనే గుర్తింపు, ఒక టైపురైటరు. సైనికుల భార్యలు టీ పార్టీలు చేసుకున్నారు అని ఎవరైనా తేలిగ్గా తీసేస్తే నేను ఆమె పేరే చెబుతాను.

భార్యల మీద ఉన్న ఒత్తిడి గురించి ఒక మాట. భర్త ర్యాంకే భార్య ర్యాంకు. కల్నల్ భార్య పిలిస్తే లెఫ్టినెంట్ భార్య వెళ్ళాల్సిందే, పిల్లాడికి జ్వరమున్నా. ఇంట్లో గొడవలు, తాగుడు, పిల్లల అల్లరి అన్నీ భర్త రిపోర్టులో నీడలా పడేవి. దానికి తోడు ఆ భార్య వచ్చేసరికి భర్తకి అక్కడ ఏడాదిగా ఒక జర్మన్ స్నేహితురాలు ఉండి ఉండొచ్చు, ఊరందరికీ తెలిసి ఈమెకి ఒక్కదానికే తెలియకపోవచ్చు. పైకి ఎక్కువగా చెప్పుకోరు గానీ చాలా కాపురాలు ఓడ దిగిన మొదటి నెలలోనే పగిలాయి. ఉద్యోగం చేద్దామంటే టీచరు, క్లర్కు, నర్సు పనులు తప్ప ఏమీ లేవు, మూడేళ్ళకి ట్రాన్స్‌ఫర్ వస్తే అదీ పోతుంది.

ఇదంతా అమెరికన్ల గొప్పో తప్పో మాత్రమే అనుకోకండి, గెలిచిన ప్రతి సైన్యమూ ఇదే చేసింది. బెర్లిన్‌కి దక్షిణాన వ్యూన్స్‌డోర్ఫ్‌లో సోవియట్ సైన్యం ఊరికి ఊరే తనదిగా చేసుకుంది, జర్మన్లకి లోపలికి ప్రవేశం లేదు, మాస్కోకి నేరుగా రైలు. 1994లో వాళ్ళు వెళ్ళిపోయేసరికి అక్కడ పుట్టి పెరిగిన పిల్లలు తమ దేశానికి "తిరిగి" వెళ్ళారు, అప్పటికి తల్లిదండ్రులు వదిలి వచ్చిన సోవియట్ యూనియనే లేదు.

చివరగా, ఏ ఏడాది అన్నది చాలా ముఖ్యం. మీ పక్కింటావిడది 1947, అంటే మార్కుకి విలువ లేని కాలం, కాబట్టి ముగ్గురు పనివాళ్ళు నమ్మదగ్గ మాటే. 1950ల మొదట్లో హైడెల్‌బర్గ్‌లో మార్క్ ట్వేన్ విలేజ్ లాంటి సొంత కాలనీలు కట్టాక స్వాధీనం చేసుకున్న ఇళ్ళు మెల్లగా యజమానులకి తిరిగిచ్చారు. 1952లో జపాన్‌లో, 1955లో పశ్చిమ జర్మనీలో ఆక్రమణ ముగిసింది. డాలరుకి నాలుగు మార్కులు వస్తున్నంతకాలం సార్జెంటు కుటుంబం కూడా బాగానే బతికింది. 1960 నవంబరులో ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్, డాలర్లు, బంగారం బయటికి పోతున్నాయని విదేశాల్లో ఉన్న సైనిక కుటుంబ సభ్యుల సంఖ్యని రెండు లక్షలకి తగ్గించమన్నాడు. సైనికులు గగ్గోలు పెట్టారు, కొన్ని నెలలకే కెనడీ దాన్ని రద్దు చేశాడు.

1973లో నిర్బంధ సైనిక సేవ పోయాక, పెళ్ళై పిల్లలున్న చిన్న ర్యాంకు కుర్రాళ్ళు ఎక్కువయ్యారు. వాళ్ళ ర్యాంకుకి క్వార్టర్స్ రావు, భార్యని సొంత ఖర్చుతో తెచ్చుకుని పల్లెల్లో జర్మన్ ఇళ్ళ అటకగదులు అద్దెకి తీసుకునేవారు. 1978లో డాలరు రెండు మార్కుల కిందికి పడిపోయింది. నేను మాట్లాడిన ఒకావిడ ఆ ఏడాది పందొమ్మిదేళ్ళ పిల్ల, చంటిబిడ్డ తల్లి. వేడినీళ్ళు లేని గది, నెల మూడో వారానికి జీతం అయిపోయేది, కింద ఇంటి జర్మన్ ముసలావిడ రోజూ సాయంత్రం ఒక గిన్నెలో బంగాళాదుంపల సూపు పెట్టి మెట్ల మీద ఉంచి తలుపు తట్టి వెళ్ళేదట. అదే దేశం, అదే సైన్యం, మధ్యలో ముప్పై ఏళ్ళు. కాబట్టి ఇలాంటి కథ ఎవరు చెప్పినా మూడు విషయాలు అడగండి: ఏ ఏడాది, నాన్నగారి ర్యాంకు ఏంటి, ఆ ఇల్లు అంతకుముందు ఎవరిది.